స్ప్రింగ్ ట్రక్స్ కొనాలా? ముందు మీ రోడ్డు చూడండి

స్కేట్‌బోర్డ్ ట్రక్స్ అనగానే లారీలు గుర్తొస్తే తప్పేం లేదు. బోర్డు కింద చక్రాల్ని పట్టుకుని, మనం ఒరిగిన వైపు తిప్పే లోహపు భాగమే ట్రక్. కొనేటప్పుడు చాలామంది డెక్ మీద బొమ్మ చూస్తారు. బోర్డు ఎలా నడుస్తుందో డిసైడ్ చేసేది మాత్రం ట్రక్. ప్రాసెసర్ వదిలేసి బ్యాక్ ప్యానెల్ రంగు చూసి ఫోన్ కొన్నట్టే ఇదీ.

మామూలు ట్రక్‌లో బుషింగ్స్ ఉంటాయి, అంటే యూరెథేన్ బిళ్లలు. ఒరిగితే నలుగుతాయి, వదిలితే మళ్లీ యథాస్థితికి వస్తాయి. స్ప్రింగ్ ట్రక్‌లో ఆ పని స్ప్రింగ్ చేస్తుంది. స్ప్రింగ్ మనమిచ్చిన శక్తిని దాదాపు మొత్తం తిరిగిస్తుంది. యూరెథేన్ అందులో కొంత వేడిగా తినేస్తుంది. అయితే స్ప్రింగే బెటర్ కదా అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. యూరెథేన్ తినేసే ఆ కొంచెమే స్పీడ్‌లో బోర్డు వణక్కుండా ఆపుతుంది.

ఇప్పుడు యానాం సంగతి చూద్దాం. గౌతమి గోదావరి ఒడ్డు, బల్లపరుపు నేల, కొండ అన్న మాటే లేదు. కాస్త ఏటవాలు కావాలంటే ఎదుర్లంక వంతెన అప్రోచ్ ఉంది. కానీ అది 216వ నంబర్ జాతీయ రహదారి. అక్కడ బోర్డు ఎక్కడం సాహసం కాదు, ప్రాణంతో చెలగాటం. కాబట్టి యానాం కుర్రాళ్లకి అసలు ఇంజిన్ పంపింగే. కాలు కింద పెట్టకుండా, నడుము తిప్పుతూ, సరైన టైమ్‌లో బరువు అటూ ఇటూ మార్చుతూ ముందుకెళ్లడం. చేప తోక పక్కలకి ఊపితే ముందుకు సాగినట్టే.

దీనికి స్వింగ్ ఆర్మ్ ట్రక్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కార్వర్ సీ7, యో లాంటి సర్ఫ్‌స్కేట్స్ ఈ రకమే. ముందు ట్రక్ మొత్తం పక్కకి ఊగుతుంది, స్ప్రింగ్ దాన్ని మధ్యకి లాగుతుంది. నది పక్కన ఖాళీగా, నున్నగా ఉన్న చోట సాయంత్రం ఒక గంట పంప్ చేస్తే తొడలు మండుతాయి, మొహం మీద నవ్వు మాత్రం పోదు.

కానీ అదే బోర్డుతో స్లాలమ్ రేస్ అంటే నేను వద్దంటాను. స్లాలమ్‌లో వరసగా కోన్స్ పెడతారు. టైమ్ లెక్కపెడతారు, కోన్ పడితే పెనాల్టీ. అక్కడ ముందు ట్రక్ చురుగ్గా తిరగాలి, వెనక ట్రక్ రోడ్డుని గట్టిగా పట్టుకోవాలి. అందుకే రేసర్లు ముందు ఎక్కువ కోణం, వెనక తక్కువ కోణం పెడతారు. స్వింగ్ ఆర్మ్ అయితే ముందు భాగం అవసరానికి మించి తిరిగిపోతుంది. స్పీడ్ పెరిగితే వణుకు మొదలవుతుంది, ఆ తర్వాత మోకాలి చిప్పే సాక్ష్యం చెప్పాలి.

అలాగని స్ప్రింగ్ ఉన్నవన్నీ ఒకే గాటన కట్టలేం. సీస్మిక్ ట్రక్స్‌లో స్వింగ్ ఆర్మ్ ఉండదు, బుషింగ్స్ చేసే పని స్ప్రింగ్స్ చేస్తాయి. 45 డిగ్రీలు, 30 డిగ్రీలు రెండు రకాల్లో వచ్చాయి. 45 ముందు, 30 వెనక పెడితే కోన్స్ మధ్య తిప్పడానికి లాజిక్ ఉంది. అంటే పేజీలో "స్ప్రింగ్" అన్న మాట చూసి ఆర్డర్ పెట్టొద్దు. ఆ స్ప్రింగ్ దేన్ని కదిలిస్తోందో చూడండి.

ఇంకో విషయం, ఇది రివ్యూల్లో తక్కువ కనిపిస్తుంది. మనది సముద్రం దగ్గరి ఊరు, ఉప్పు గాలి. యూరెథేన్‌కి తుప్పు పట్టదు, స్ప్రింగ్‌కీ బేరింగ్స్‌కీ పడుతుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, స్ప్రింగ్‌కి కాస్త గ్రీజు రాయడం బద్ధకమైతే స్ప్రింగ్ ట్రక్ జోలికి పోవద్దు. యూరెథేన్‌కీ ఒక బలహీనత ఉంది. మే నెల ఎండకి మెత్తబడుతుంది. అప్పుడు ఒక మెట్టు గట్టి బుషింగ్ వేస్తే సరిపోతుంది.

ట్రై చేసి కొనే అవకాశం మన దగ్గర చాలామందికి లేదు. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ డ్యూటీ అదనం, నచ్చకపోతే రిటర్న్ పెద్ద తలనొప్పి. అందుకే నా మాట ఇది: సరదా పంపింగ్‌కే అయితే స్వింగ్ ఆర్మ్ స్ప్రింగ్ ట్రక్ కొనండి. కోన్స్ మీద ఇష్టం ఉంటే ముందు ఉన్న బోర్డుకే బుషింగ్స్ మార్చి, వెడ్జ్‌లతో ముందు కోణం పెంచి, వెనక తగ్గించి చూడండి. ఖర్చు చాలా తక్కువ, నేర్చుకునేది చాలా ఎక్కువ. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, మోకాలి ప్యాడ్స్ తీసుకోండి. ఆ అప్‌గ్రేడ్‌కి రివ్యూ అక్కర్లేదు.