మాటు వేయుట మన పిల్లలు నేర్వవలదా?

విద్య యనగా పుస్తకములలోని అక్షరములు మాత్రమే కావనియు, చేతికి వచ్చిన పనియు విద్యయే యనియు అందరును అంగీకరింతురు. కాని యింటిలో పిల్లవాడొకడు వీడియో ఆటల కంట్రోలరు మరలు విప్పి, దాని లోపల నేమున్నదో చూడబూనిన నాడు, "చదువు మాని యిదేమి పని?" యని గద్దించు తల్లిదండ్రులే యెక్కువ. ఆటపై మోజుతో పుట్టినను ఆ కుతూహలము ఒక మంచి పనివిద్యకు తొలిమెట్టు కాగలదు. దాని నణచుటకంటె క్రమమైన త్రోవలో పెట్టుట మేలని నా యభిప్రాయము. ఆ విద్య పేరు మాటు వేయుట. నేటి వాడుకలో సాల్డరింగు.

ఇది మనకు పరాయి విద్య కాదు. వెనుకటి దినములలో మన వీధులకు కళాయి వేయువాడు వచ్చెడివాడు. ఇత్తడి పాత్రను నిప్పుపై కాచి, నవాసారము చల్లి, తగరమును కరగించి గుడ్డతో లోపలనంతయు పూసెడివాడు. నవాసారము లోహముపై మురికిని పోగొట్టగా తగరము గట్టిగా పట్టెడిది. కంసాలి నగకు మాటు వేయునపుడు వెలిగారము వాడుటయు ఇందులకే. కంట్రోలరులోని బోర్డుపై తీగ నతుకుటయు ఈ వంశములోనిదే. ఇచ్చట పైన్ చెట్టు బంకనుండి తీసిన రోజను, ఫ్లక్సు అను పేర, మాటుతీగ నడుమనే యుండి ఆ పని చేయును. మనము మాటు అనుదానిని తమిళ సోదరులు పట్రాసు అందురు, ఆంగ్లమున సాల్డరు. పేర్లు మూడు, పని యొక్కటే.

కంట్రోలరులో తరచుగా చెడునది బొటనవ్రేలితో కదలించు స్టిక్కు. దాని క్రింద కార్బను పూతపై చిన్న లోహపు నాలుక రాచుకొనుచు కదలును. ఆ పూత అరిగినచో, చేయి తాకకున్నను తెరపై బొమ్మ తనంతట తానే నడచును. అట్టి స్టిక్కును తీసి, రాపిడి లేక అయస్కాంతముతో పనిచేయు హాల్ సెన్సరు స్టిక్కును అమర్చుట నేటి కుర్రవారికి మిక్కిలి యిష్టమైన మార్పు. ఎడ్విన్ హాల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1879లో కనుగొనిన సూత్రమే దీనికి ఆధారము.

అయితే యిది మొదటి పాఠము కాదు. ప్లేస్టేషను కంట్రోలరులలో ఒక్కొక్క స్టిక్కునకు 14 కాళ్లుండును. వాని మాటునంతయు కరగించి తీయకయే పెరికినచో బోర్డుపైని రాగిరేకు లేచిపోవును. తిరుత్తణి కొండకు 365 మెట్లున్నవి; క్రింది మెట్టు నెక్కనివాడు పై మెట్టు నెట్లెక్కును? కావున క్రొత్తగా నేర్చువారు చెడిపోయిన రేడియోలు, చార్జర్ల బోర్డులపై పలుమారులు మాటు వేసియు తీసియు చేతిని సాధింపవలెను. పిమ్మట తెగిన తీగ నతుకవలెను. స్టిక్కును తీయుట చివరి పాఠము.

పద్ధతి కఠినము కాదు. 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము గల మాటుతీగ 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. సీసము లేని తీగకు సుమారు 217 డిగ్రీలు కావలెను. కడ్డీ మొన మాత్రము సుమారు 350 డిగ్రీల వేడి కలిగియుండవలెను. అప్పుడే వేడి క్షణములో అతుకునకు చేరును. మొనను తడి స్పాంజిపై తుడిచి, దానికి కొంచెము మాటు పూసి, అతుకవలసిన తీగను, బోర్డుపైని రాగిని ఒక్కసారిగా వేడిచేసి, మాటుతీగను కడ్డీకి గాక ఆ వేడెక్కిన చోటికి అందింపవలెను. రెండు మూడు సెకండ్లు చాలును. మాటును కడ్డీపై కరగించి జిగురువలె పులుముట క్రొత్తవారి సామాన్యమైన పొరపాటు. అట్టి మాటు గుండువలె నిలిచి పైకి బాగుగ కనిపించినను లోపల పట్టదు. మంచి మాటు కొండపాదమువలె ఏటవాలుగా రాగిపై ప్రాకును. వ్యాసమునకు మార్కులు వేయుటకు ఉపాధ్యాయుడు కావలెను. మాటునకు పరీక్షకుడు విద్యుత్తే. అది మొగమాటమెరుగదు.

తల్లిదండ్రుల భయములు నిరాధారములు కావు. కడ్డీ తాకినచో చేయి కాలును. కావున దానికి స్టాండు ఉండవలెను, ప్రక్కన పెద్దలుండవలెను. కాలిన చేతిని వెంటనే చల్లని నీటి ధారక్రింద ఇరువది నిముషములుంచవలెను. పొగ రోజనుది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక కిటికీ తెరచి, ముఖము దూరముగ నుంచి పనిచేయవలెను. ఈ వేడికి సీసము ఆవిరి కాదు. చేతికంటి నోటిలోనికి పోవుటయే అపాయము. పిల్లలకు సీసము లేని తీగయే యిచ్చుట మేలు. ఏ తీగయైనను పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. అన్నింటికంటె ముందుగా కంట్రోలరులోని లిథియం బ్యాటరీని విడదీయవలెను. ఈ నియమములు పాటింపని పిల్లవానికి కడ్డీ నీయకుండుటయే న్యాయము.

ఇక, దీనివలన లాభమేమి యని కొందరడుగుదురు. పళ్లిపట్టు, పొదటూరుపేట నేతయిండ్లలో పోగు తెగినచో మగ్గమును పారవేయుదురా? అతుకుదురు. ఎలక్ట్రానిక్ వస్తువుల విషయమున మాత్రము మనము క్రొత్తది కొనుటయే నేర్చితిమి. శ్రీపెరుంబుదూరున 2006లో ఉత్పత్తి మొదలిడిన నోకియా ఫోనుల కర్మాగారము వేలమందికి పని యిచ్చి 2014లో మూతపడినది. కర్మాగారములు వచ్చును, పోవును. వరుసలో నిలిచి చెప్పిన మరను చెప్పిన చోట బిగించుట వేరు. చెడిన బోర్డును చూచి ఏ అతుకు వీడెనో కనుగొనుట వేరు. రెండవది నేర్చినవాడు తిరువళ్లూరు బజారులో చిన్న అంగడి పెట్టుకొనియైనను బ్రతుకగలడు.

ఇంతకు మించిన ప్రయోజన మింకొకటి గలదు. వ్రేళ్లు వంగని బాలుడు సామాన్యమైన కంట్రోలరుతో ఆడలేడు. ఒక మీట క్రింది రెండు కొసలనుండి రెండు తీగలు బయటికి తీసి 3.5 మిల్లీమీటర్ల సాకెట్టునకు మాటు వేసినచో, పెద్ద స్విచ్చి నొకదానిని దానికి తగిలించి, మోచేతితోనో కాలితోనో అతడును ఆడగలడు. మీట క్రింద నల్లని కార్బను పూత యున్నచో దానిపై మాటు పట్టదు. అచ్చటినుండి పోవు రాగిదారిపై పూత గీకి వేయవలెను. మైక్రోసాఫ్టు సంస్థ 2018లో వికలాంగుల కొరకు వెలువరించిన కంట్రోలరు వెనుక వరుసగా నున్న సాకెట్టులు ఇట్టివే. తోటి విద్యార్థిని ఆటలో చేర్చుకొను పని వృథా యని ఎవరనగలరు?

మన బడులకు ఇందు ప్రత్యేకమైన బాధ్యత గలదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమున చేరినది మొదలు, "తెలుగు చదువుతో ఏమి వచ్చును?" అను ప్రశ్న మనలను వెంటాడుచునే యున్నది. దీనికి ఉపన్యాసములతో జవాబు చెప్పలేము. తగరము రాగిని ఏల పట్టునో తల్లిభాషలో గ్రహించిన పిల్లవాడు దానిని తమిళములోను, ఆంగ్లములోను చెప్పగలడు. కారణమెరుగక పేర్లు మాత్రము వల్లించినవాడు ఏ భాషలోను పని చేయజాలడు. 2016లో మొదలైన పథకము క్రింద దేశమున పలు పాఠశాలలకు అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు లభించినవి. అవి లేనిచోట నాలుగు కడ్డీలు, ఇండ్లలో మూలబడిన పాత బోర్డులు, శనివారము ఒక గంట చాలును. సెల్ ఫోనులు బాగుచేయువారి నొకరిని గురువుగా పిలువవచ్చును. బాలికలను మాత్రము వెలిగా నుంచరాదు.

విద్యార్థులారా! ఆడుటతో తృప్తి చెందక, ఆడు వస్తువును ఎరుగుడు. తల్లిదండ్రులారా! పిల్లవాడు మరలు విప్పినచో వెంటనే కోపింపకుడు. "బ్యాటరీ తీసితివా?" యని ముందుగా అడుగుడు.