మరల జీనెక్కే ముందు

నేర్చిన విద్య మరపునకు రాదని పెద్దలు అంటారు. ఈత వచ్చినవాడు ఎన్ని ఏండ్ల తరువాత చెరువులో దిగినా మునగడనీ, సైకిలు నేర్చినవాడు ముసలితనములో ఎక్కినా పడడనీ మనము వింటూనే ఉన్నాము. ఆ వరుసలో గుర్రపు స్వారీని కూడా చేర్చి చెప్పటము వాడుక. మేమూ చాలాకాలము ఆ మాట నమ్మినవారమే. ఆ నమ్మకము సగమే నిజమనీ, మిగిలిన సగమునకు మూల్యము చెల్లించేది మనము కాదనీ ఈ వ్యాసములో మనవి చేయదలచాము.

ఇది వ్రాయుటకు ఒక సందర్భము ఉన్నది. ఈ సంవత్సరము కొందరు విద్యార్థులు తమకు గుర్రపు స్వారీ నేర్పించే ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారికి వినతిపత్రము సమర్పించారు. కోరిక చక్కనిది. అయితే పూర్వము స్వారీ నేర్చిన అధ్యాపకులు ఈ శిక్షణను పర్యవేక్షింపగలరని అందులో ఒక వాక్యము వ్రాశారు. ఆ పూర్వము నేర్చిన అధ్యాపకులలో మేమూ ఒకరము. కనుక ఈ విషయములో మౌనము వహించుట మాకు ఉచితము కాదు.

విద్యార్థి దశలో ఎన్.సి.సి. వారి రిమౌంట్, వెటర్నరీ విభాగములో మేము రెండు సంవత్సరములు స్వారీ చేశాము. తెల్లవారకముందే సైకిలు మీద గుర్రపుసాలకు చేరేవారము. అప్పటి మా బరువు 54 కిలోలు. భయమన్నది ఎరుగము. తరువాత ఉద్యోగము, సంసారము, పిల్లల చదువులు వచ్చాయి. 22 సంవత్సరముల పాటు రికాబులో కాలు పెట్టలేదు. గత చలికాలములో ఒక ఉదయము, పాత ముచ్చట తీర్చుకొనవలెనని, నగర శివారులోని ఒక శిక్షణాలయమునకు వెళ్ళాము.

అక్కడి శిక్షకుడు మా శిష్యుల వయసువాడు. “సార్, మొదటి వారము గుర్రానికి పొడవైన త్రాడు కట్టి, నేను మధ్యలో నిలబడి గుండ్రముగా తిప్పుతాను. మీరు పగ్గాలు పట్టుకోకుండా కూర్చోవటము మాత్రమే అలవాటు చేసుకోండి” అని మర్యాదగా చెప్పాడు. మాకు చిన్నతనముగా తోచింది. “మేము ఒకప్పుడు అడ్డుకర్రలు దూకించినవాళ్ళము, బాబూ” అన్నాము. వయసులో పెద్దవారమన్న గౌరవముతో అతడు ఇక మాట్లాడలేదు. గోధుమవన్నె ఆడగుర్రము నొకదానిని తెప్పించి ఇచ్చాడు.

నడకలో అంతా సవ్యముగా ఉన్నది. దుల్కీలో కూడా దేహము పాత లయను గుర్తుపట్టింది. గిట్టల జంట చప్పుడుకు తగినట్లు జీను మీద లేచి కూర్చోవటము ఎవరూ చెప్పకుండానే వచ్చింది. ఆ సంతోషములో చిన్న దౌడుకు తీసుకున్నాము. మూడవ మలుపు వద్ద నడుము తూలింది, తొడల పట్టు సడలింది, ఒక రికాబు జారిపోయింది. పడకుండా ఉండుటకు చేతికి దొరికినది పగ్గము ఒక్కటే. 81 కిలోల మా బరువు ఆ పగ్గము మీద వ్రేలాడింది. గుర్రము తల పైకెత్తి, నోరు తెరచి, నిలిచిపోయింది. మేము క్రింద పడలేదు. కాని దిగి చూస్తే దాని పెదవి మూలన నెత్తురు కనిపించింది.

సాయీసు తడిగుడ్డతో ఆ నెత్తురు తుడిచి, “హాత్ భారీ హో గయా సాబ్, ఘోడీ కా కసూర్ నై” అన్నాడు. చేయి బరువెక్కినది, గుర్రము తప్పేమీ లేదు అని. ఆ మాటలో కోపము లేదు. ఏ పరీక్షాధికారీ మాకు ఇంతవరకు అంత సరియైన మార్కు వేయలేదు.

విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి తెలుసుకొనవలెను. గుర్రము నోటిలో ముందు పండ్లకు, దవడ పండ్లకు నడుమ పండ్లు లేని ఖాళీ ఉంటుంది. కళ్ళెములోని ఇనుప కడ్డీ ఆ ఖాళీలో చిగురు మీద, నాలుక మీద ఆనుతుంది. అక్కడ ఎముకను కప్పి ఉన్నది పలుచని పొర మాత్రమే. ఒంటి మీద ఈగ వాలినా తెలుసుకొని, ఆ ఒక్క చోటు చర్మమునే వణికించి దానిని తోలగల జంతువది. అటువంటి దాని నోటిలో ఒక మనిషి బరువంతా ఒక్కసారి గుంజితే ఎట్లుండునో ఊహించవచ్చును. పైగా గుర్రము దెబ్బ తగిలిన కుక్క వలె అరవదు. అడవిలో క్రూరమృగముల నుండి తప్పించుకొని బ్రతికిన జాతి కనుక నొప్పిని దాచుకొనుట దాని స్వభావము. ఆ మౌనమును చూచి పైన కూర్చున్నవాడు తన స్వారీ బాగుగనే ఉన్నదని అనుకుంటాడు.

ఈత మరచినవాడు నీటిలో దిగితే మునిగేది తానే. చాలా ఏండ్ల తరువాత వీణ పట్టినవాడు అపస్వరము పలికిస్తే వీణకు నొప్పి లేదు. స్వారీ మాత్రము అట్టిది కాదు. మనము విడిచిపెట్టిన ఏండ్లకు బదులు చెల్లించేది నోరు లేని మరియొక ప్రాణి. నేర్చిన విద్య మరపునకు రాదన్న మాట స్వారీ విషయములో చెల్లదని మేము అనుటకు కారణము ఇదే.

మరి దేహము గుర్తుంచుకున్నది ఏమిటి? క్రమమును గుర్తుంచుకున్నది. ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు కూర్చొనవలెనో దానికి తెలుసు. అయితే ఆ పని చేయుటకు కావలసిన బలము, తూకము 22 సంవత్సరముల క్రితపు దేహముతోనే పోయాయి. జ్ఞాపకము 54 కిలోల యువకునిది, జీను మీద కూర్చున్నది 81 కిలోల సంసారి. జీనుతో కలిపి గుర్రము తన బరువులో ఐదవ వంతుకు మించి మోయరాదన్నది చాలా శిక్షణాలయములలో పాటించే నియమము. 450 కిలోల గుర్రమునకు ఆ లెక్కన 90 కిలోలు హద్దు. మేమూ, జీనూ కలిసి సరిగా ఆ గీత మీదనే నిలిచాము. ఇంటి వద్ద ఈ చిన్న గుణకారము చేసుకొనుటకు మా గర్వము మాకు తీరిక ఇవ్వలేదు.

ఇందుకు కొందరు “రౌతు మెత్తనైతే గుర్రము మూడు కాళ్ళ మీద నడుస్తుంది” అన్న సామెతను ఎదురు చెప్పవచ్చును. ఆ సామెతను మేము కాదనము. కాని అది చెప్పేది నిలకడ లేని రౌతును గురించి. ఏమి కోరుతున్నాడో తనకే తెలియనివాని క్రింద గుర్రము కుంటుతుంది. నడుము నిలకడగా ఉన్నవానికి చేయి గట్టిగా ఉండవలసిన అవసరము లేదు. నడుము నిలకడ లేనివాడే చేతిని గట్టి చేస్తాడు. ఆనాడు మేము చేసినది అదే.

అయినచో నడివయసులో మరల స్వారీ జోలికి పోకుండుటే మేలు కాదా అని మరికొందరు అడుగుతారు. అదియును మా అభిప్రాయము కాదు. డెన్మార్కు దేశపు లిస్ హార్టెల్ 1944లో పోలియో వ్యాధికి గురియై మోకాళ్ళ క్రింద చలనము కోల్పోయింది. ఒకరు ఎక్కించనిదే గుర్రమెక్కలేని స్థితిలో ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్సులో డ్రెసాజ్ పోటీలో రజత పతకము పొందింది, 1956లో మరల పొందింది. కాళ్ళతో ఇవ్వవలసిన సంకేతములను తూకముతో, వెన్నుతో ఇచ్చుట ఆమె క్రొత్తగా నేర్చుకున్నది. మునుపటి స్వారీని ఆమె తిరిగి పొందలేదు. మరియొక స్వారీని మొదటి నుండి సాధించింది. జపానుకు చెందిన హిరోషి హోకెట్సు 1964 టోక్యో ఒలింపిక్సు తరువాత మరల ఆ క్రీడలలో పాల్గొన్నది 2008లో. 2012 లండను క్రీడలనాటికి ఆయన వయసు 71. నడుమ గడిచిన 44 ఏండ్లు పోటీకి విరామమే కాని స్వారీకి కాదు. కంపెనీ ఉద్యోగము చేస్తూనే, పనికి పోకముందు గుర్రమెక్కుట ఆయన నియమము.

మన దేశపు సంగతియును చూడండి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో అశ్వ క్రీడలకు వచ్చిన స్వర్ణము మరల వచ్చుటకు 41 ఏండ్లు పట్టింది. 2023లో హాంగ్‌జౌలో డ్రెసాజ్ జట్టు దానిని సాధించింది. ఆ 41 ఏండ్ల వెలితిని పూడ్చినది 1982 నాటి కీర్తి కాదు. ఇల్లు విడిచి ఐరోపాలో ఉండి శిక్షణ పొందిన యువతీయువకుల కృషి.

గడచిన కీర్తిని గురించి మన నగరవాసులకు మరొక మాట చెప్పవలసి ఉన్నది. హైదరాబాదు గుర్రముల నగరము. ఢిల్లీలో తీన్‌మూర్తి వద్ద నిలిచిన మూడు విగ్రహములలో ఒకటి హైదరాబాద్ లాన్సర్ల స్మారకము. గుర్రము మన రెండు భాషలను కలిపిన జంతువు కూడా. కళ్ళెము, గిట్ట తెలుగు మాటలు. జీను, రికాబు, దాణా, సాయీసు, స్వారీ పారసీక, అరబ్బీ సీమల నుండి మనకు చేరినవి. అమరకోశము గుర్రపు నడకలను ఐదింటిని పేర్లతో సహా పేర్కొన్నది. శాలిహోత్రుని పేర సంస్కృతములో వెలసిన అశ్వశాస్త్రము పారసీకములోనికి ఫరస్‌నామాలుగా పోయింది. ఆ ముని పేరే ఉర్దూలో గుర్రపు వైద్యునికి సాలోత్రీ అన్న మాట అయింది. ఒక విషయము గమనించవలెను. ఆ పేరు వీరునికి దక్కలేదు, గుర్రమునకు వైద్యము చేసేవానికి దక్కింది. మన పూర్వులు ఈ విద్యను ఎక్కడ మొదలుపెట్టారో ఆ ఒక్క మాట చెబుతుంది.

కనుక కళాశాల కమిటీ వారి ముందు మా అభిప్రాయములను ఉంచుతున్నాము.

మొదటిది, కళాశాల గుర్రములను కొనరాదు. గుర్రము కడుపు దాని దేహమునకు చాలా చిన్నది. రోజంతా కొద్దికొద్దిగా మేత పడుతూ ఉండవలెను. నీరు రోజుకు 25 లీటర్లకు తక్కువ కాకుండా కావలెను. ఆరేడు వారముల కొకసారి గిట్టలు చెక్కించి లాడములు మార్పించవలెను. వేసవి సెలవులలో తరగతి గదికి తాళము వేయవచ్చును, గుర్రపుసాలకు వేయలేము. ఎన్.సి.సి. వారి విభాగముతోనో, మంచి పేరున్న శిక్షణాలయముతోనో ఒప్పందము చేసుకొనుట మేలు.

రెండవది, మొదటి వారము ఎవ్వరినీ జీనెక్కనీయరాదు. సాల ఊడ్చుట, మాలీషు చేయుట, గిట్టలలోని రాళ్ళు తీయుట, దాణా కలుపుట నేర్పవలెను. గుర్రమునకు సరిగా ముక్కు ముందరి చోటు, తోక వెనుకటి చోటు కనబడవు. ఆ చోట్ల నుండి దగ్గరకు పోరాదన్న సంగతి అక్కడే తెలియవలెను.

మూడవది, త్రాడు మీద తిప్పే గుర్రముపై, దుల్కీలో, దేనినీ పట్టుకొనక కూర్చొనగలిగినవానికే పగ్గము చేతికి ఇవ్వవలెను. శిరస్త్రాణము లేనిదే ఎవ్వరూ ఎక్కరాదు. మొదటి సంవత్సరము పందెములు, షీల్డులు ఉండరాదు. గెలుపు మీద మోజు కలిగితే మొదట గుంజబడేది గుర్రపు నోరే.

నాలుగవది, పూర్వము నేర్చి విడిచిపెట్టిన అధ్యాపకులకు, పాత విద్యార్థులకు కూడా ప్రవేశము కల్పించవలెను. అయితే వారికి ఏ మినహాయింపూ ఉండరాదు. పద్దెనిమిదేండ్ల విద్యార్థి పక్కన నిలబడి వారును సాల ఊడ్వవలెను. దీనివలన విద్యార్థులకు మరొక పాఠము కూడా దొరుకుతుంది. తమ గురువులు మరల అ, ఆల వద్ద కూర్చొనుట కళ్ళారా చూచినవాడు, రేపు తాను విడిచిన చదువునకు తిరిగి రావలసి వస్తే సిగ్గుపడడు.

ఆ ఉదయము తరువాత ఏమైనదని అడుగుతారేమో. మరునాడు మేము ఆ యువ శిక్షకుని వద్దకు వెళ్ళి క్షమించమని అడిగి, త్రాడు కట్టమన్నాము. ఆరు వారములు పగ్గము ముట్టలేదు. ఆ ఆడగుర్రము నోరు మానువరకు దాని దాణా మేమే కలిపాము. మొదటి రోజులలో మా చేయి దగ్గరకు వస్తే అది తల పక్కకు తిప్పుకొనేది. మేము నొచ్చుకొనుటకు వీలులేదు, దానికి కారణము ఉన్నది. నాలుగవ నెలలో మరల దానిపైననే చిన్న దౌడు చేశాము. మూడవ మలుపు వద్ద అది చెవులు రెండూ వెనుకకు, మా వైపునకు త్రిప్పింది. ఈసారి మా చేయి కదలలేదు. చెవులు మరల ముందుకు నిలిచాయి. అంతకన్న మేము చెప్పుకోదగిన విజయము ఇంతవరకు ఏదియును లేదు.

అందుచేత పర్యవేక్షకుల జాబితా నుండి మా పేరు తొలగించి, శిక్షణార్థుల జాబితాలో అక్షరక్రమమున ఎక్కడ వస్తే అక్కడ చేర్చవలసినదిగా కమిటీ వారికి సవినయముగా మనవి చేస్తున్నాము.