పరీక్ష తర్వాత ఆమెను ఎవరు పిలుస్తారు?

మన ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్ష అందకముందే క్యాన్సర్ భయం అందింది. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015–16) ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశ సగటు 3.2 శాతమే. దేశం మొత్తంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. ఆ తర్వాతి సర్వే (2019–21) ఇంకో లెక్క చెప్పింది. 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో బతుకులో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతం. రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు ఒక శాతం కూడా లేరు.

ఈ రెండు లెక్కల మధ్య ఏం జరుగుతోందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. తెల్లబట్ట అవుతోందని, నడుము లాగుతోందని ముప్ఫై అయిదేళ్ల కూలి మనిషి ఊరి ఆర్ఎంపీ దగ్గరికి పోతుంది. అతను పట్నంలో తనకు తెలిసిన నర్సింగ్ హోంకు పంపుతాడు. "పిల్లలు పుట్టిండ్రు, ఇంక దానితోటి పనేముంది? ఉంచుకుంటే క్యాన్సరయితది" అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసుకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారి, ఒళ్లంతా మంటలతో పత్తి చేలో వంగి పని చేయాల్సి వస్తుంది. క్యాన్సర్ అనుమానానికి ఆధారం ఉందా అని చూసే తొలి పరీక్ష మాత్రం ఎవరూ చేయరు. ఆ పరీక్ష చాలా చిన్నది. పల్చని ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లో ఉండేదాన్నే, గర్భాశయ ముఖద్వారం మీద అద్ది ఒక నిమిషం ఆగితే మార్పు మొదలైన చోటు తెల్లగా తేలుతుంది. శిక్షణ పొందిన నర్సు చేయగలదు. తెల్లబడిన చోటును వేడితో మాడ్చేసే థర్మల్ అబ్లేషన్ కొద్ది నిమిషాల పని, ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. కణాల్లో మార్పు మొదలై అది క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంత గడువు ఇచ్చే రోగం ఇంకొకటి దొరకడం కష్టం. అయినా 2022లో మన దేశంలో సుమారు 80 వేల మంది ఆడవాళ్లు దీనితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

కాగితం మీద మనకు కార్యక్రమం లేక కాదు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 30 నుంచి 65 ఏళ్ల వాళ్లందరికీ అయిదేళ్లకోసారి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు జరగాలి. ఆశ కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ముప్పు ఎక్కువో రాసుకునే సీబ్యాక్ ఫారం నింపుతుంది, ఏఎన్ఎం పరీక్షకు పిలుస్తుంది, అనుమానం ఉన్నవారిని పెద్ద దవాఖానకు పంపుతారు. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్య మహిళ కేంద్రాలు మొదలుపెట్టి మంగళవారాలు ఆడవాళ్ల కోసం కేటాయించింది. మంచి పనే. అయితే మంగళవారం అని ప్రకటించినంత మాత్రాన వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో, చేలో కాయ తెంపే మనిషి కూలి పోగొట్టుకుని దవాఖానకు వస్తుందా? "నాకేం రోగమొచ్చిందని పోవాలె?" అని అడుగుతుంది. ఆమె ప్రశ్నలో తప్పేమీ లేదు. రోగం లేనప్పుడు చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. కాబట్టి వెతుక్కుంటూ రావలసినది వ్యవస్థే.

ఫిన్లాండ్ 1963లోనే ఆ పని మొదలుపెట్టింది. వయసు వచ్చిన ప్రతి మహిళ ఇంటికి ఆమె పేరు మీద ఉత్తరం వెళ్లేది. రాని వాళ్లను మళ్లీ పిలిచేవారు. వచ్చినవాళ్ల ఫలితం రిజిస్టర్‌లో ఎక్కేది. అక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు 80 శాతం తగ్గింది. అది ధనిక దేశం, మన సంగతి వేరు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. పేర్లు రాసి, తేదీ పెట్టి, ఇంటికి పోయి పిలిచే విద్య మన ఏఎన్ఎంలకు బాగా వచ్చు. గర్భిణికి నెల తప్పిన దగ్గర్నుంచి కాన్పు తేదీ దాకా ప్రతి పరీక్షా ఆమె పుస్తకంలో ఉంటుంది. 2017లో గర్భిణులకు, బాలింతలకు కేసీఆర్ కిట్ పథకం వచ్చినప్పుడు ఆ వివరాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి, పరీక్షలు అయిన కొద్దీ విడతలుగా డబ్బు ఆమె ఖాతాలో వేశారు. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో ఇల్లిల్లూ తట్టి సమగ్ర కుటుంబ సర్వే చేసిన రాష్ట్రం ఇది. పోలియో చుక్కలు వేయించుకోని పిల్లవాడి ఇంటికి మర్నాడు మళ్లీ పోయిన సిబ్బంది వీళ్లు.

మరి తేడా ఎక్కడ వస్తోంది? కాన్పులు అయిపోగానే ఆమె పేరు రిజిస్టర్లోంచి జారిపోతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ముప్ఫైలోపే అయిపోయే మన రాష్ట్రంలో, క్యాన్సర్ పరీక్ష మొదలు కావలసిన వయసుకు సరిగ్గా ప్రభుత్వం ఆమెను మరిచిపోతోంది. బిడ్డను మోసినన్నాళ్లే ఆడమనిషి ఆరోగ్యం లెక్కలోకి వస్తుందన్న పాత బుద్ధి ఇందులో ఉంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

క్యాంపులు ఈ లోటును పూడ్చలేవు. అక్టోబర్ నెలలో గులాబీ రిబ్బన్లు, హనుమకొండ రోడ్ల మీద ర్యాలీ, మర్నాడు పేపర్లో "ఇంతమందికి స్క్రీనింగ్" అన్న వార్త. ఆ అంకెలో తెల్లమచ్చ కనిపించిన ఆడవాళ్లు ఎందరు? వాళ్లలో చికిత్స దాకా చేరింది ఎందరు? ఆ రెండో లెక్క వార్తలో ఉండదు. రొమ్ములో గడ్డ తగిలిందని చెప్పి చేతిలో చీటీ పెట్టి పంపితే, ఆమె వరంగల్ ఎంజీఎం దవాఖాన ఓపీ వరుసలో నిలబడాలి, ముక్క తీసి పరీక్షకు పంపాలి, రిపోర్టుకు మళ్లీ రావాలి, చివరికి కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన దాకా పోవలసి రావచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెరిగింది కాబట్టి వైద్యం ఖర్చు కొంత తీరుతుంది. తోడు వచ్చే మనిషి కూలి, దారి ఖర్చు, ఇంట్లో వంట ఎవరు చేస్తారన్న దిగులు ఆ కార్డు తీర్చదు. ఆ దారిలో ఎక్కడో ఒకచోట ఆమె ఆగిపోతుంది. ఆగిపోయిందని గమనించే మనిషి లేకపోతే ముందు చేసిన పరీక్ష ఆమెకు ఇచ్చింది నిద్ర పట్టని రాత్రులే.

ఏ పరీక్ష పనిచేస్తుందో తెలుసుకోవడానికి మనం పరాయి దేశాలకు పోనక్కర్లేదు. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా 31 వేల మందికి పైగా మహిళలతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను పట్టుకునే హెచ్‌పీవీ పరీక్ష ఒక్కసారి చేసిన ఊళ్లలో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఒక్కసారి వెనిగర్ పరీక్ష చేసిన చోట చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ముంబై మురికివాడల్లో మామూలు ఆరోగ్య కార్యకర్తలు అదే వెనిగర్ పరీక్షను రెండేళ్లకోసారి, వదలకుండా నాలుగు విడతలు చేస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. మన మేడ్చల్ మండలంలో జరిగిన అధ్యయనంలోనూ వెనిగర్ పరీక్ష వదిలేసినవాటిని హెచ్‌పీవీ పరీక్ష పట్టుకుంది. ఉస్మానాబాద్‌లో, ముంబైలో పోల్చి చూడడానికి పరీక్ష చేయకుండా ఉంచిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో చనిపోయినవాళ్లూ ఉన్నారు. అంత మూల్యం చెల్లించి తెలుసుకున్న సంగతిని ఇన్నేళ్లుగా అమలు చేయకపోవడం వాళ్లకు చేసిన అన్యాయం.

హెచ్‌పీవీ పరీక్షకు ఇంకో మేలు ఉంది. నమూనా ఆమే తీసుకోవచ్చు. బల్ల మీద పడుకుని చూపించుకోవడానికి సిగ్గుపడి రాని వాళ్లు మన దగ్గర ఎందరో. అర్జెంటీనాలోని హుహుయ్ రాష్ట్రంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి పోయి, స్వయంగా నమూనా తీసుకునే కిట్ ఇస్తే 86 శాతం మంది పరీక్ష చేయించుకున్నారు. దవాఖానకు రమ్మని చెప్పిన చోట 20 శాతం మందే వచ్చారు. మహబూబాబాద్ తండాల్లో, ములుగు గూడేల్లో ఈ పని చేయడానికి ఆశ కార్యకర్త ఉంది. క్షయ పరీక్షకు వాడుతున్న ట్రూనాట్ యంత్రం మీదే హెచ్‌పీవీ పరీక్ష కూడా చేయవచ్చు. నెలకు రూ.18 వేల స్థిర వేతనం కోసం రోడ్డెక్కిన ఆ ఆశ కార్యకర్తల నెత్తికే ఈ బరువు కూడా ఎత్తేటప్పుడు, ఆ డబ్బు సంగతి ముందు తేల్చడం న్యాయం.

నమ్మకం పోతే మాత్రం ఏ యంత్రమూ పనిచేయదు. 2009లో పక్కనున్న ఖమ్మం జిల్లాలో వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది ఇంకొకటి. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. భద్రాచలం పక్క గిరిజన కుటుంబాలకు ఏమీ చెప్పకుండా వాళ్ల పిల్లల చేతికి సూది పొడిచిన ఆ తొందర వల్ల ఒక మంచి టీకా మన రాష్ట్రంలో ఏళ్లకేళ్లు వెనకబడింది. ఇంటింటికీ పరీక్ష తీసుకుపోయేటప్పుడు కోయలో, లంబాడీలో విడమరచి చెప్పే మనిషి వెంట ఉండాలి. వద్దనే హక్కు ఆమెకు ఉందని కూడా చెప్పాలి.

వరంగల్, హనుమకొండ కలెక్టర్లను, జిల్లా వైద్యాధికారులను నేను అడిగేది ఒకటే. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో 30 దాటిన మహిళల పేర్లతో రిజిస్టర్ పెట్టండి. అనుమానం తేలిన ప్రతి ఒక్కరి వెంట చికిత్స పూర్తయ్యేదాకా నడిచే ఒక నర్సును పేరు పెట్టి నియమించండి. మూడు నెలలకోసారి రెండు అంకెలు ఆ కేంద్రం గోడ మీద రాయించండి: అనుమానం వచ్చినవాళ్లు ఎందరు, వాళ్లలో చికిత్స అయినవాళ్లు ఎందరు. గర్భసంచి తీయాలని ఏ ప్రైవేటు దవాఖాన చెప్పినా, ముందు ఈ పరీక్ష జరిగిందన్న కాగితం చూపాలని నిబంధన పెట్టండి. మహిళా సంఘాల అక్కలూ, మీ నెలవారీ సమావేశంలో పొదుపు లెక్క చూసినట్టే ఈ రెండు అంకెలూ అడగండి. చెప్పకపోతే గ్రామసభలో నిలదీయండి.