డిస్కు పోలేదు, మనమే పోగొడుతున్నాం

పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో "హార్డ్ డిస్కు పాడైంది, అందులోవన్నీ పోయాయి, కొత్తది కొనేద్దాం" అని అయిదు నిమిషాల్లో తేల్చేశారు. ఆ తరువాత ముప్పావుగంట వనభోజనాల్లో పులిహోర చేయించాలా, బిర్యానీ చేయించాలా అని చర్చ. నేను మాట్లాడబోతే టైమ్ అయిపోయిందన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆ డిస్కులో ఏముందో కొత్త సభ్యులకు తెలియదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మన సంఘం గది పైరేకులు లేచిపోయాయి, బీరువాలోకి నీళ్లు చేరాయి. మినిట్స్ పుస్తకాలు, చందా పుస్తకాలు, నాటకాల ఫొటోలు ఎండబెట్టి మన కుర్రాళ్లు నెలల తరబడి స్కాన్ చేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై గంజాం మద్రాసు నుంచి విడిపోయాక, ఈ బరంపురంలో తెలుగు నిలబెట్టడానికి మన పెద్దలు ఎన్ని అర్జీలు పెట్టారో, ఎవరెవరి గుమ్మాలు ఎక్కారో వాళ్ల చేతిరాతలోనే అందులో ఉంది. మామ్మలు పాడిన అప్పగింతల పాటలూ ఉన్నాయి. పాడినవాళ్లలో ఇవాళ ఇద్దరే మిగిలారు.

స్కాన్ అయిపోయింది కదా, చెదలు పట్టిన కాగితాలు ఎందుకని పాతపేపర్లవాడికి వేసేశాం. ఆ తీర్మానానికి చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇన్నేళ్లలో రెండో కాపీ తీయించాలని నాకూ తోచలేదు. కాబట్టి ఇది ఒకరిమీద నెట్టేసే తప్పు కాదు.

కానీ దసరా రోజు జరిగింది మాత్రం చెప్పుకోవాలి. హాల్లో పాత వీడియో చూపించి, ఎజెక్ట్ చేయకుండా కేబుల్ పీకేశారు. మళ్లీ తగిలిస్తే "ఫార్మాట్ చేస్తేగానీ వాడలేరు" అని కంప్యూటర్ అడిగింది. ఎవరో సరేనన్నారు. నిమిషంలో అయిపోయింది. దానిమీదే ఆ రోజు ఫొటోలు 14 జీబీ ఎక్కించారు!

ఇప్పుడు "అన్నీ పోయాయి" అనే మాట సంగతి చూద్దాం. నిమిషంలో అయిందంటే అది క్విక్ ఫార్మాట్. 1 టీబీ డిస్కును పూర్తిగా ఫార్మాట్ చేస్తే గంటలు పడుతుంది, విండోస్ విస్టా నుంచి అలా చేస్తే మొత్తం సున్నాలతో నింపేస్తుంది కూడా. క్విక్ ఫార్మాట్ ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. కొట్టులో ఖాతా పుస్తకం చింపేస్తే అరల్లో సరుకు మాయమవుతుందా? మనవి దాదాపు 300 జీబీ. కొత్త ఫొటోలు చెరిపేసింది మహా అయితే 14 జీబీ. నా బాధల్లా, కొత్తవి సాధారణంగా మొదటి భాగంలోనే పడతాయి. మనం మొట్టమొదట స్కాన్ చేసింది అన్నిటికంటే పాత మినిట్స్ పుస్తకాలు. అంటే ఫార్మాట్ కంటే ఆ ఫొటోలే ఎక్కువ చేటు చేశాయి.

"మా మేనల్లుడికి తెలుసు, ఏదో సాఫ్ట్‌వేర్ వేస్తాడు" అన్న పెద్దలకు చేతులెత్తి దణ్ణం. ఆ సాఫ్ట్‌వేరునీ, దొరికిన ఫైళ్లనీ అదే డిస్కులో పెడితే మిగిలినదీ పోతుంది. చెక్‌డిస్క్ అసలు నడపకూడదు, అది ఉన్నదాన్ని తిరగరాస్తుంది. చేయాల్సింది వేరు. ఇంకో పెద్ద డిస్కు కొని, డీడీరెస్క్యూతో పాతదాన్ని ఆసాంతం దానిలోకి నకలు తీయాలి. తరువాత పనంతా నకలుమీదే. టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ ఉచితంగానే దొరుకుతాయి. డిస్కు టక్ టక్‌మని చప్పుడు చేస్తే వేరే సంగతి, వెంటనే తీసేసి ల్యాబుకు పంపాలి. మనది చప్పుడు చేయడం లేదు. అయినా నాకు పూర్తి ధైర్యం లేదు, తెలిసినవాళ్ల చేత చేయిద్దాం. ఖర్చు వనభోజనాల బడ్జెట్లో తగ్గించుకుందాం. పులిహోరతో ఎవరూ చచ్చిపోరు.

"ఇవన్నీ ఎవరు చూస్తారండీ, పిల్లలకు తెలుగు చదవడమే రాదు" అని ఒకరన్నారు. అందుకే తొందర. ఫొటోరెక్ ఫైళ్లను వాటి రూపం చూసి పట్టుకుంటుంది, పేర్లూ ఫోల్డర్లూ రావు. వేల బొమ్మలు వట్టి నంబర్లతో వస్తాయి. ఏది ఏ ఏటి మినిట్సో, ఆ నాటకంలో ద్రౌపది వేషం ఎవరిదో, ఆ గొలుసుకట్టు రాత ఎవరిదో చెప్పగలిగినవాళ్లు మనలో ఏడుగురో ఎనిమిది మందో ఉంటారు, అందరూ డెబ్బై దాటినవాళ్లే. వాళ్ల పక్కన కూర్చుని పేర్లు రాసుకోవడానికి కుర్రాళ్లు కావాలి. వచ్చే ఏడు చూద్దాం అంటే, వచ్చే ఏటికి ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

వచ్చినవాటికి రెండు కాపీలు తీసి, ఒకటి బరంపురం బయట, విశాఖలో మనవాళ్లింట్లోనో ఎక్కడో ఉంచాలి. తుపాను మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వరు.

ఈ ఆదివారం ప్రత్యేక సమావేశం పెట్టమని పదిమంది సంతకాలతో అర్జీ ఇస్తున్నాను, కలిసివచ్చేవాళ్లు కింద పేరు రాయండి. డిస్కు కార్యదర్శి గారి బీరువాలో ఉంది. అప్పటిదాకా దాన్ని ఏ కంప్యూటరుకూ తగిలించనివ్వకండి, కార్యదర్శి గారూ.