కార్డు మీద నూలు పేరుంది, మనిషి పేరు లేదు

పోయినవారం ఆపిన చోటి నుంచే మొదలుపెడతా.

ఆదివారం కోఠి ఫుట్‌పాత్ మీద థర్‌స్టన్ 'దక్షిణ భారత కులాలు, తెగలు' నాలుగో సంపుటం రీప్రింట్ దొరికింది. 1909లో వచ్చిన ఏడు సంపుటాల్లో మాల, మాదిగలు ఉన్నది ఇందులోనే. అశోక్‌నగర్ రూముల్లో గ్రూప్స్‌కి చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పేరూ సంవత్సరమూ బిట్టు కోసం మీకు కంఠతా వచ్చే ఉంటాయి. ఈయన మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉంటూ మనుషుల ముక్కులు కొలిచాడని మీ మెటీరియల్‌లో ఉందా? ఫోటోల కింద కులం పేరు వేశాడు. మనిషి పేరు అడగలేదు.

ఇప్పుడు అలాంటి ఫోటోలనే బట్ట మీద అచ్చేసి, ఎంబ్రాయిడరీ చేసి గ్యాలరీల్లో వేలాడదీస్తున్నారు. వలసవాదాన్ని ప్రశ్నించడమట. మన నగరంలోనే ఒకచోట చూశా. కార్డు మీద కళాకారుడి పేరు, చేనేత నూలు, సహజ రంగులు, అన్నీ ఉన్నాయి. ఫోటోలో ఉన్నామెకు మాత్రం 'దళిత స్త్రీ' చాలట. కుట్టిందెవరని అడిగితే "వర్కర్స్ అండీ" అన్నారు.

ఇది కొత్తేం కాదు. లండన్‌లో ఇండియా మ్యూజియం నడిపిన ఫోర్బ్స్ వాట్సన్ 1866లో మన బట్టల్ని ముక్కలు కోసి, 700 నమూనాలు 18 సంపుటాల్లో అంటించాడు. మనం ఏం కడతామో చూసి ఇంగ్లండ్ మిల్లులు నేసి అమ్ముకోవడానికి. రెండేళ్లకే అదే మనిషి 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' ఫోటో సంపుటాలు మొదలుపెట్టాడు. అక్కడ బట్ట నమూనా, ఇక్కడ మనిషి నమూనా. 1869లో లాంప్రే అనే ఇంకొకాయన చెక్క చట్రానికి రెండేసి అంగుళాలకో పట్టుదారం కట్టి, దాని ముందు మనుషుల్ని బట్టల్లేకుండా నిలబెట్టి ఫోటోలు తీసే పద్ధతి చెప్పాడు. దారంతోనే కొలిచారు మనల్ని!

పుష్పమాల 2000 తర్వాత క్లేర్ ఆర్నీతో కలిసి చేసిన ఫోటోల్లో ఆ గళ్ల తెర ముందు తానే నిలబడింది. అది నిజాయితీ. మరొకరి అవ్వను నిలబెట్టలేదు కదా.

నేనూ ఒక ఫోటోను పాత చీర ముక్క మీద అచ్చేయించి అమ్మకిచ్చా. నలభై ఏళ్లుగా బొంతలు కుడుతున్న చెయ్యి ఆమెది. "ఈమె పేరేంది బిడ్డా?" అంది. లేదన్నా. చుట్టూ కుట్టింది గానీ ముఖం మీద సూది దించలేదు. "నొస్తది" అంది.

గ్యాలరీ వాళ్లకు నేనడిగింది ఒక్కటే. కుట్టిన ఆడవాళ్ల పేర్లు కార్డు మీద రాయండి. ఫోటోలోని మనిషి పేరు తెలియకపోతే, ఫోటో తీసినవాడు అడగలేదని రాయండి. ఇంతవరకు జవాబు లేదు.

పండక్కి ఊరెళ్లే విద్యార్థులారా, మీ నాయనమ్మ ఫోటో వెనక ఆమె పేరు రాయించి తీసుకురండి. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర కలుద్దాం. సూదీ దారం నేను తెస్తా.