లోగిలిపై అద్దం కప్పకండి

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు చాలామంది ఇప్పుడు నడుమ కోర్ట్‌యార్డ్ కావాలని అడుగుతున్నారు. గోదావరి జిల్లాల్లో మన పెద్దలు కట్టుకున్న మండువా లోగిలి లాంటిదే ఇది. మంచి ఆలోచనే. కానీ గృహప్రవేశం నాటికి దుమ్ము పడుతుందనో, కోతులొస్తాయనో, ఏసీ చల్లదనం పోతుందనో దానిపై అద్దం బిగించేస్తున్నారు. దాంతో అందం మిగులుతుంది, ఆరోగ్యానికి ఉపయోగపడేది పోతుంది.

క్షయ, ఫ్లూ, కోవిడ్ గాలి ద్వారా వ్యాపిస్తాయి. దగ్గినప్పుడు వెలువడే సన్నటి తుంపరలు మూసిన గదిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని తీసుకురాదు. ఇంట్లో ఒకరికి క్షయ అని తేలేసరికి మిగతావారు వారాల తరబడి అదే గాలి పీల్చి ఉంటారు. పెరూలోని లిమా నగర ఆసుపత్రులపై 2007లో వెలువడిన అధ్యయనం గుర్తుంచుకోదగినది. ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలున్న పాత వార్డుల్లో కిటికీలు తెరిచి ఉంచితే, యంత్రాలతో గాలి ఆడించే కొత్త గదుల కన్నా ఎక్కువగా గాలి మారుతోందని అందులో తేలింది.

లోగిలి చేసే పనీ అదే. వేడెక్కిన గాలి పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి గదుల మీదుగా బయటి గాలి వస్తుంది. అందుకే ప్రతి గదికీ లోగిలి వైపు ఒక కిటికీ, బయటి గోడకు ఒక కిటికీ ఉండాలి. ఇక ఎండ సంగతి. విటమిన్-డి తయారీకి కావలసిన కిరణాలను కిటికీ అద్దం దాదాపుగా ఆపేస్తుంది. మేడ ఎక్కలేని అమ్మమ్మకు, తాతయ్యకు ఆకాశం కనిపించే లోగిలే ఎండ దొరికే చోటు.

ఇబ్బందులూ ఉన్నాయి, వాటికి దారులూ ఉన్నాయి. కోతులకు, దొంగలకు ఇనుప గ్రిల్ చాలు. వాన భయం మరీ ఉంటే కప్పును రెండడుగులు పైకి లేపి నాలుగు వైపులా తెరిచి ఉంచండి. ఎండ తగ్గినా గాలి ఆడుతుంది. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా ఎదగడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి నేల వాలుగా, నీరు నిలవకుండా ఉండాలి. తామర తొట్టెలు, కుండీల కింది పళ్లేలు వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది కడగాలి. లోగిలి వైపు కిటికీలకూ దోమతెర తప్పనిసరి.

నేలకు నున్నటి గ్రానైట్ వద్దు. పాలిష్ చేయని తాండూరు బండలు నయం. లోగిలిలోకి మెట్లుంటే పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. పెద్ద వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆ మనిషి మళ్లీ మునుపటిలా నడుస్తారన్న నమ్మకం ఉండదు.

ఫ్లాట్‌లో ఉంటున్నారా? ఎదురెదురు కిటికీలు ఉదయం, సాయంత్రం కాసేపు తెరవండి. ఇల్లు కట్టబోతున్నారా? ప్లాన్ ఖాయం చేసేముందు ప్రతి గదినీ చూపించి ఇంజినీరును అడగండి: ఈ గదిలోకి గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది? సరైన జవాబు రాకపోతే ప్లాన్ మార్పించండి.