తాళంచెవితో మొదలుపెట్టు

పోయిన వారం మా డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని ఒక వ్యాసం రాసి తెచ్చింది. నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా కులవ్యవస్థ ఎంత అమానుషమో ఉంది. అద్దెగది చూడ్డానికెళ్తే ఇంటావిడ చేతిలో పెట్టిన తాళంచెవిని ఇంటిపేరు అడిగి వెనక్కి తీసుకున్న సంగతి మాత్రం ఆఖర్న రెండే లైన్లు.

"దీంతోనే మొదలుపెట్టాల్సింది కదమ్మా" అన్నాను.

"మన అవమానాన్ని సస్పెన్స్ కథలా రాస్తే చవకబారుగా ఉండదా సార్?" అంది.

తేలిగ్గా కొట్టేసే ప్రశ్న కాదది. మన కన్నీళ్లు చదివి అయ్యో అని, మర్నాడు మళ్లీ ఇంటిపేరు అడిగేవాళ్లు నాకూ తెలుసు. అయినా నేననేది ఒకటే: ఉత్కంఠ మనం బయటినుంచి తెచ్చి అతికించేది కాదు. కులం పనిచేసే తీరులోనే అది ఉంది.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదవండి. అంటరానితనాన్ని సాధారణంగా వర్ణించి చెప్పొచ్చు, లేదా జరిగిన సంఘటనలు చెప్పొచ్చు. రెండోదే బలంగా ఉంటుందని మొదట్లోనే తేల్చేస్తారాయన. ఇక 1901. తొమ్మిదేళ్ల భీమ్, అన్న, ఇద్దరు మేనల్లుళ్లు కొత్తబట్టలు వేసుకుని నాన్న దగ్గరికి రైల్లో బయల్దేరారు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టర్ దయగానే పలకరించాడు. మీరెవరని అడిగాడు. మహార్లమన్నారు. అంతే, ఆయన ముఖం మారిపోయింది. రెట్టింపు బాడుగ ఇస్తామన్నా, బండి పిల్లలే తోలుకోవాలి. డబ్బాలో అన్నం ఉంది, తాగడానికి నీళ్లు లేవు. నీళ్లు దొరుకుతాయా అని మనం పేజీ తిప్పుతాం. ఆ దాహమే ప్లాటు.

కాబట్టి రాసేముందు ఒక్కటి అడుక్కోండి: ఆ పూట నాకేం కావాలి? గదా, నీళ్లా, మార్కుల మెమోనా? దానికి అడ్డం ఎవరొచ్చారు?

రెండు హద్దులు కూడా పెట్టుకుందాం. జరగనిది కలపొద్దు. ఆ క్షణాన మనకి తెలియనిదాన్ని పాఠకులకీ అప్పుడే చెప్పక్కర్లేదు. కానీ తెలిసినదాన్ని కావాలని దాచి చివర్లో మెరిపిస్తే అది మోసం.

ఆ అమ్మాయి మళ్లీ రాసింది. తాళంచెవి అరచేతిలో పడ్డ క్షణంతో మొదలైంది. మూడు పేజీల వాదన ఒక్క పేరా అయింది, ఇప్పుడు దాన్ని దాటేసి పోలేం. కింద తన పేరు పెట్టాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది. అది తను తేల్చుకోవాల్సిందే. ఈ ముక్క మాత్రం ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

జై భీమ్.